నిట్రాట చీపురు

పదకొండేళ్లుగా ఒక వీధిని ఊడ్చిన మనిషికి ఆ వీధిలో ఒక్క ముఖం కూడా తెలియదంటే నమ్మడం కష్టమే. కానీ నిజం. ఆమెకు తెలిసినవన్నీ కాళ్లు.

మూరెడు చీపురు పట్టుకుని పొద్దున ఆరింటికి నడుం వంచితే, మళ్లీ తొమ్మిదింటికి ఎత్తడం. ఈ మధ్యలో కనబడేవి చెప్పులు, బూట్లు, మడమలు, పగుళ్లు. మందుల షాపాయన ఎడమ చెప్పు లోపలివైపు అరుగుతుంది. రెండో అంతస్తు లెక్కల మాస్టారివి నీలం పట్టీల చెప్పులు. బ్యాంకాయన బూటు లేసు ఒకటి ఊడి ఉందంటే ఆ పూట ఇంట్లో మాటామాటా వచ్చిందన్నమాట. రెండూ ఊడి ఉంటే అత్తగారు ఊరినుంచి దిగిందన్నమాట. ఒకసారి ఆస్పత్రి క్యూలో ముందున్న పాదాలు చూసి, "కుట్టుమిషను అమ్మగారూ, ఒంట్లో బాగాలేదా?" అని ఎంతో ఆపేక్షగా అడిగింది. ఆవిడ వెనక్కి తిరిగి ఎగాదిగా చూసి, "ఎవరు నువ్వు?" అంది. పదకొండేళ్లు ఆవిడ గుమ్మం ముందు ఊడ్చింది ఈమే. ఆవిడకి కనబడిందల్లా ఒక వీపు.

ఆమెది ఐదడుగుల తొమ్మిదంగుళాల నిలువు. తోటి ఆడవాళ్లు 'నిట్రాట' అని పేరు పెట్టారు. పాక మధ్యలో పైకప్పును మోసే గుంజ పేరు అది. కానీ పనిలో ఉండగా చూసినవాళ్లెవరూ ఆ పేరు పెట్టరు. అంత మనిషీ మూరెడు చీపురుతో నేలని అందుకోవాలంటే దుప్పటి మడిచినట్టు సగానికి మడతపడాలి మరి.

ఆ వీధి కూడా సామాన్యమైంది కాదు. ఈ చివర తుమ్మితే ఆ చివరివాళ్లు మర్నాడు 'చిరంజీవ' అనేవారట. అందుకని దాన్ని పన్నెండు ముక్కలు చేసి, పన్నెండు మంది ఆడవాళ్లకి పంచి, అందరి మీదా ఒక మేస్త్రీని పెట్టారు. మేస్త్రీగారికి స్కూటరుంది, హారనుంది, హాజరు పుస్తకముంది. వీధి మొదట్లో స్కూటరాపి, హారన్ కొట్టి, వంగిన నడుములు లెక్కపెట్టుకునేవాడు. పన్నెండు వంగి ఉంటే పని జరుగుతున్నట్టు. ఒకటి నిటారుగా కనిపిస్తే అది సోమరిపోతు. ఇంతకన్నా సులువైన తనిఖీ ఇంకెవరైనా కనిపెట్టారేమో చెప్పమనండి.

నిట్రాటకి ముందు అదే వీధిని ఆమె అత్త ముప్పై ఏళ్లు ఊడ్చింది. ఊళ్లో ఎవరి జేబులోంచి ఏది జారినా అత్త కంట్లో పడేది. ఒకసారి కట్టుడుపళ్ల సెట్టు దొరికితే, పక్కనే ఉన్న అడుగుల గుర్తులు పట్టుకుని పోయి, మూడో సందులో బోసినోటితో కూర్చున్న పెద్దాయన చేతిలో పెట్టొచ్చిందని చెప్పుకుంటారు. పళ్లు వెతుక్కుంటున్నానని కూడా ఆయన చెప్పలేకపోయాడట. అలాంటి అత్త చీపురు వదిలేసింది కానీ, నడుము మాత్రం వంపు వదల్లేదు. చేతికర్ర ఊతతో నడుస్తుంది, నేలని చూస్తుంది. మంచం మీద వెల్లకిలా పడుకుందామన్నా వంపు ఒప్పుకోదు. ఎదురుగా కొత్తగా లేచిన ఐదంతస్తుల మేడని అత్త రెండేళ్లుగా మొదటి మెట్టు దాకానే చూసింది.

"పైన ఏముందే?" అని కోడల్ని అడుగుతుండేది.

"నీళ్ల ట్యాంకుంది. బట్టలు ఆరేశారు."

"ఏం బట్టలు?"

"దుప్పట్లు."

"క్లిప్పులు పెట్టారా?"

"అక్కడిదాకా కనపడలేదత్తా."

"కళ్లుండీ చూడవు," అని విసుక్కునేది అత్త.

ఒకరోజు తొమ్మిదింటికి పని ముగించి లేవబోతే నిట్రాటకి నడుము లేవలేదు. అర నిమిషం అలాగే ఉండిపోయింది. తరువాత కటకటమంటూ లేచింది. నెల తిరిగేసరికి ఆ అర నిమిషం నిమిషమైంది. ఇంకో నెలకి రెండు. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. ఈ వడ్డీ ఎక్కడికి పోతుందో చెప్పడానికి ఆ చదువు చాలు. రెండు నిమిషాలైన రోజు మధ్యాహ్నం ఇంట్లో అత్త కర్ర చప్పుడు వింటూ కూర్చుంది. ఈ ఇంట్లో అత్త కోడలికి ఇచ్చే ఆస్తి ఇదేనా?

ఆమె మొగుడు ఇళ్లకి రంగులు వేస్తాడు. పొట్టిగా, నెమ్మదిగా ఉంటాడు. రోజుకి ఇరవై మాటలు మాట్లాడితే అది ఆయనకి పండగ. ఆ సాయంత్రం రోలరు బ్రష్షుని తొమ్మిదడుగుల కర్రనుంచి ఊడదీసి కడుగుతున్నాడు.

"ఏమయ్యా, గోడకి రంగు వెయ్యడానికి ఇంత కర్ర ఎందుకు?"

"నిచ్చెన ఎక్కనక్కర్లేదు."

"గోడకైతే నువ్వు ఎక్కకుండా కర్ర కట్టుకున్నావు. నేలకి నేను వంగకుండా ఎవరూ కట్టలేదేం?"

ఆయన ఆలోచించాడు. "అడగలేదుగా," అన్నాడు. ఆ రోజు కోటా అయిపోయింది.

మర్నాడే తొమ్మిదడుగుల కర్రకి చీపురు కట్టుకుని ఆమె వీధిలోకి దిగింది. ఆ చీపురు గురించి ఇప్పటికీ కథలు చెబుతారు. ఈ వీధిలో ఊడిస్తే పక్క వీధిలో దుమ్ము లేచిందట. వెనక్కి లాగితే కర్ర కొస పోయి మొదటి అంతస్తులో కాఫీ తాగుతున్నాయన కప్పులో పడిందట. ఒక కాకి గూడు పెట్టుకుందామని కొలతలు చూసుకుందట. నిజమెంతో గానీ, సాయంత్రానికి మొగుడు రంపం తీసి కర్రని ఆమె గడ్డం ఎత్తుకి కోసేశాడు. సైకిలు ట్యూబు ముక్కలతో చీపురుని బిగించాడు. రెండో రోజు పని ఎనిమిదింటికే చివరికొచ్చింది. ఊడుస్తూనే ఒక చేత్తో నడుము పట్టుకుని చూసుకుంది. నడుము ఉన్నట్టే తెలియలేదు.

అప్పుడే హారన్ మోగింది.

"ఏం మహారాణీ, నిలబడ్డావు?"

"ఊడుస్తున్నాను మేస్త్రీగారూ."

"నిలబడి ఊడ్చడమేంటి? నువ్వు పని చేస్తున్నట్టు నాకెలా తెలుస్తుంది?"

"నేల చూడండి."

"నేల చూడ్డానికి ఇంత వీధీ నేను నడవాలా?" ఆయన పుస్తకం తెరిచాడు. "గైర్హాజరు."

"ఎదురుగా ఉంటే గైర్హాజరేంటండీ!"

"జీపులో పెద్దవాళ్లు వెళ్తూ చూస్తారు. నిలబడ్డ మనిషి కనబడితే తిట్లు నీకా, నాకా?"

అందులోనూ అబద్ధమేమీ లేదు. ఆయన నడుము పైవాళ్ల ముందు వంగేది. కాకపోతే అది పుస్తకంలోకి ఎక్కేది కాదు. మూడు రోజుల్లో మూడు గైర్హాజర్లు పడ్డాయి. మూడు పడితే పని పోతుందని రూలు. నాలుగో పొద్దున ఆమె పేరు మీద అడ్డగీత ఉంది.

మూరెడు చీపురు పట్టుకుని కాళ్లావేళ్లా పడితే గీత చెరిగిపోయేదేమో. ఆమె ఇంటికెళ్లి ఆలోచించి, తోటి పదకొండు మందినీ పోగేసింది. సగం మంది జంకారు. అందరిలోకీ గొంతున్న మనిషికి 'లౌడ్‌స్పీకర్' అని పేరు. ఆవిడ లేచి, "వంగి వంగి నా మొహం నాకే గుర్తులేదు. అద్దంలో చూసి ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాను. పదండి!" అంది. నవ్వులో భయం కొంత పోయింది. పని ముగించుకుని పదింటికి అందరూ మున్సిపల్ ఆఫీసుకి బయల్దేరారు. అత్త కూడా కర్ర పట్టుకుని తయారైంది.

"నువ్వెందుకత్తా, అంత దూరం?"

"మీరంతా మాటలు చెబుతారు. చూపించడానికి సరుకుండాలిగా."

కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ కాగితాల్లోంచి తలెత్తకుండానే, "ఏంటి గొడవ?" అంది. లౌడ్‌స్పీకర్‌కి కరెంటు పోయినట్టయింది. అత్తకి ఆఫీసరమ్మ ముఖం కనబడదు కనుక భయమూ లేదు. బల్ల కింద ఉన్న బూట్లతో మాట్లాడింది.

"మేడమ్, మీ కుడి బూటు మడమ దగ్గర కరుస్తోంది. ఇందాక వరండాలో నడిచొస్తుంటే కాలు ఈడ్చారు. లోపల దూది పెట్టుకోండి."

ఆఫీసరమ్మ తలెత్తింది. "మీకెలా తెలుసు?"

"ముప్పై ఏళ్లు ఇదే చదువమ్మా. ఇంకేమీ చూడనివ్వలేదు."

ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచి, అత్త ముఖం చూడ్డానికి తానే వంగింది.

చివరికి తేల్చిందిది: పదిహేను రోజులు, అదే వీధి, పన్నెండు మందికీ పొడుగు చీపుర్లు. మధ్యలో ఎప్పుడైనా వచ్చి చూస్తుంది. పని మెరుగైతే సరే. లేకపోతే పాత చీపురు పాత చీపురే, అడ్డగీత అడ్డగీతే.

మొగుడు వారం రోజులు రంగుల పని మానుకుని కర్రలు కోశాడు. ఒక్కొక్కరినీ గోడకి నిలబెట్టి, గడ్డం దగ్గర పెన్సిలుతో గీత గీసి, ఆ కొలతకే కోత. అన్నీ తయారయ్యాకే లెక్క మొదలైంది. మేస్త్రీ అలిగి అటు రాకపోవడంతో మొదటి వారం బ్రహ్మాండంగా సాగింది. ఎనిమిదో రోజు వచ్చింది.

ఎనిమిదో రోజు మేస్త్రీగారి స్కూటరు వీధి మొదట్లో ఆగింది. వెనక ఆఫీసరమ్మ జీపు. మేస్త్రీ అలవాటుగా హారన్ కొట్టాడు.

పన్నెండు మందీ టక్కున వంగారు.

చేతుల్లో నిలువెత్తు కర్రలు, నడుములేమో నేల మీద. కర్రలు వెనక్కి లేచి గాల్లో పొడుచుకొచ్చాయి. ఒకటి మందుల షాపు బోర్డుని కింద పడేసింది. ఒకటి కుట్టుమిషను ఆవిడ కిటికీలోంచి దూరి, ఆరేసిన లంగాని జెండాలా ఎత్తుకొచ్చింది. వీధంతా ముళ్లపంది నడుస్తున్నట్టుంది. ఇంతకీ అందరికన్నా కిందికి వంగినదెవరు? నిట్రాట. మేస్త్రీ ఒక్కడే వచ్చినప్పుడు వంగని మనిషే, హారన్ వెనక జీపు కనబడగానే పదకొండేళ్ల అలవాటు నడుముని పట్టి లాగేసింది. కళ్ల ముందు బూట్లు కనబడ్డాకే తెలిసింది తాను వంగి ఉన్నానని.

"కర్ర ఉన్నా వంగే ఊడుస్తున్నారే," అంది ఆఫీసరమ్మ. "అంటే కర్ర అక్కర్లేదనేగా?"

"నేను ముందే మనవి చేశాను మేడమ్," అన్నాడు మేస్త్రీ.

"ఇంకా వారం ఉంది. చూద్దాం."

ఇంటికొచ్చి నిట్రాట చీపురుని మూలకి విసిరింది. జరిగింది విని అత్త, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. లంగా దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకుంది.

"నవ్వకత్తా. పరువూ పోయింది, పనీ పోతుంది. తప్పు కర్రలో లేదు. నాలో ఉంది."

"కర్రతో నడుముని నిలబెట్టలేవే పిచ్చిదానా. నడుము ఎవరి మాట వింటుందో తెలుసా? మెడ మాట. మెడ దిగితే నడుము దిగుతుంది. ముప్పై ఏళ్లు దించినదాన్ని, నాకు తెలీదూ?"

"అయితే?"

"హారన్ కొడితే మెడకి వేరే పనేదైనా పెట్టు. పైకి చూసే పని."

"పైన చూడ్డానికేముంది?"

"నన్నడుగుతావా! మేడల మీద మనుషులు లేరూ? పలకరించండి."

కొత్త రూలు పెట్టారు: హారన్ మోగితే తలెత్తి మేడ మీద ఎవరు కనబడితే వారిని పలకరించాలి. వినడానికి బాగానే ఉంది. కానీ పలకరించాలంటే మనిషెవరో తెలియాలి కదా. వీళ్లకి తెలిసినవి కాళ్లు. మర్నాడు నిట్రాట రెండో అంతస్తు వసారాలో కనబడ్డ తెల్లజుట్టాయన్ని చూసి, గుండె చిక్కబట్టుకుని, "నీలం పట్టీల చెప్పుల బాబాయిగారూ, నమస్కారం!" అని కేకేసింది.

ఆయన పేపరు దించి, కిందికి వంగి తన చెప్పులు తాను చూసుకున్నాడు. అవి నీలం పట్టీలవే.

"ఎవరమ్మా నువ్వు?"

"మీ గుమ్మం ముందు ఊడుస్తానండీ. పదకొండేళ్ల నుంచి."

లెక్కల మాస్టారు వేళ్ల మీద పదకొండు లెక్కపెట్టాడు. ఆయన లెక్కకి ఎప్పుడూ అందనిది ఇదేనేమో. తరవాత, "కుడి చెప్పు పట్టీ వదులైంది, చూశావా?" అన్నాడు.

"పోయిన నెలే చూశానండీ."

అక్కడినుంచి వీధిలో జాతర మొదలైంది. "తోలు బూట్ల అన్నయ్యగారూ, ఇవాళ లేసులు రెండూ కట్టారే, అత్తగారు వెళ్లిపోయారా?" అని లౌడ్‌స్పీకర్ అరిస్తే, బ్యాంకాయన కన్నా ముందు లోపలినుంచి ఆయన భార్య నవ్వింది. కుట్టుమిషను ఆవిడ మూడు రోజులు మూతి ముడుచుకుని, నాలుగో రోజు తానే కిటికీలోంచి తొంగి, "ఏమ్మా నిట్రాటా, నా లంగా ఎత్తుకెళ్లింది నువ్వేనా?" అని అడిగింది. "కాదండీ, లౌడ్‌స్పీకర్. నేనైతే చీర కూడా తెచ్చేదాన్ని." ఆవిడ కిటికీ మూయకుండా నవ్వింది.

ఇంకో విచిత్రం ఎవరూ అనుకోనిది. ఆ వీధిలో మేడల మీదినుంచి చెత్త సంచులు విసరడం అలవాటు. కింద వీపు కనబడుతుండగా విసరడం తేలిక. పేరు పెట్టి పలకరించిన ముఖం పైకి చూస్తుంటే ఎలా విసురుతారు? మూడో అంతస్తునుంచి ఒక సంచి సగం దూరం దిగి, కింద నిట్రాట ముఖం చూసి, సిగ్గుపడి మళ్లీ పైకెళ్లిపోయిందని చెబుతారు. అంత కాదుగానీ, జనం సంచులు పట్టుకుని మెట్లు దిగి రావడం మాత్రం అప్పుడే మొదలైంది.

పదిహేనో రోజు. ఏడింటికి జీపు. ముందు స్కూటరు. నిట్రాట కర్రని గట్టిగా పట్టుకుంది. ఈసారి నడుము మోసం చేస్తే పనీ పోతుంది, రేపు అత్తలా నేలని చూస్తూ బతకడమూ ఖాయమవుతుంది. మేస్త్రీ హారన్ మీద చెయ్యి పెట్టాడు. తీయలేదు. అంత పొడుగు హారన్ ఆ వీధిలో అంతకుముందు లేదు.

మెడ ఒక్క క్షణం కిందికి లాగింది. ఆమె పళ్లు బిగించి తలెత్తింది.

"బాబాయిగారూ, నమస్కారం!"

పన్నెండు తలలు పైకి లేచాయి. పన్నెండు నడుములు వాటి వెంట నిలబడ్డాయి. "అన్నయ్యగారూ!" "పిన్నిగారూ!" "ఎర్ర చెప్పుల అక్కా!" మేడలన్నీ బదులు పలికాయి. హారన్ ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియలేదు. చీపుర్లు మాత్రం ఒక్కటీ ఆగలేదు.

ఆఫీసరమ్మ వీధి చివరిదాకా నడిచింది. మేస్త్రీ కూడా నడవక తప్పలేదు. ఆయన ఆ నేలని నడిచి చూడటం అదే మొదటిసారి. ఆకు కూడా లేదు.

"ఎవరైనా వంగారా మేస్త్రీగారూ?"

"లేదు మేడమ్. కానీ నిలబడితే పని చేస్తున్నట్టు కనబడదు కదండీ."

"పాత చీపురుందా?"

మూరెడు చీపురు తెచ్చారు.

"ఇక్కణ్ణుంచి ఆ స్తంభం దాకా ఊడవండి. ఎలా కనబడుతుందో చూస్తాను."

మేస్త్రీగారు వంగారు. ముందు పొట్ట ఒప్పుకోలేదు, తరువాత మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆ రెంటికీ రాజీ కుదిర్చి ఆయన స్తంభం దాకా వెళ్లాడు. స్తంభం దగ్గరే ఉన్న తమ గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డ అత్తకి, ఆయన వంగడంతో, మేస్త్రీ ముఖం కంటికి అందింది. "పని బాగా చేస్తున్నారండీ, కనబడుతోంది!" అంది. వీధి ఘొల్లుమంది.

స్తంభం దగ్గర ఆయన లేవబోయాడు. లేవలేకపోయాడు. అర నిమిషం. ఆ అర నిమిషం ఏమిటో నిట్రాటకి బాగా తెలుసు. అందరూ నవ్వుతుంటే ఆమె మాత్రం వెళ్లి తన పొడుగు కర్ర అందించింది. ఆయన దాన్ని పట్టుకుని కటకటమంటూ నిలబడ్డాడు. కర్రని పైకీ కిందికీ చూశాడు.

"కర్రే నయం మేడమ్," అన్నాడు.

హాజరు పుస్తకం తెప్పించి అడ్డగీత ఆయన చేతే కొట్టివేయించారు. ఆ ఏడాది తిరక్కుండా ఊళ్లోని వీధులన్నిటికీ పొడుగు చీపుర్లు వచ్చాయి. వాటిని ఒకే కొలతలో కొనబోతుంటే నిట్రాట ఆఫీసుకెళ్లి అడ్డుపడింది. "చొక్కాలు ఒకే కొలతలో కుట్టిస్తారా?" అంది. అయితే కొలతలు నువ్వే తీసుకోమని ఆఫీసు వెనక ఖాళీ గది ఒకటి ఇచ్చారు. ఆ గది గోడ ఇప్పటికీ ఉంది. ఊళ్లో ఊడ్చేవాళ్లందరూ ఆ గోడకి నిలబడ్డారు. గడ్డాల గీతలు వందలకొద్దీ. రంగులు వేసే మొగుడు ఆ ఒక్క గోడకీ సున్నం వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు.

చీపురు తరువాత చెత్తబండి పట్టుకొచ్చింది. దాని పిడి ఎవరి పొట్టలో పొడుచుకుంటుందో, ఎందుకు పొడుచుకుంటుందో బండిని తోసేవాళ్లనే అడిగింది. తరువాత కాలవలు తీసే కొంకి, ఆ తరువాత చేతొడుగులు. ఎవరికి ఏ పనిముట్టు ఇవ్వాలన్నా, ముందు దాన్ని పట్టుకునేవాళ్లు వారం వాడి సరేనంటేనే కొనాలని పట్టుబట్టింది. ముప్పై ఎనిమిదో ఏట పదో తరగతి పరీక్షకి కూర్చుంది. లెక్కల మాస్టారు రోజూ సాయంత్రం రెండో అంతస్తులో పాఠం చెప్పి, తిట్టి, పాసు చేయించాడు. ఆ తరువాత ఆమె ఉద్యోగానికి ఒక పేరు పెట్టక తప్పలేదు. గది తలుపు మీద 'పనిముట్ల పరీక్షకురాలు' అని బోర్డు వేలాడింది. ఆ ఊళ్లో అంతకుముందు అలాంటి కొలువు లేదు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వచ్చి కొలతలు రాసుకుపోతుంటే, వచ్చినవాళ్లకి గోడ చూపించే పని మేస్త్రీగారు తనకు తానే తీసుకున్నాడు. "మొదట పరీక్ష చేసింది నేనే," అని చెప్పుకునేవాడు. అబద్ధం కాదు కదా అని ఆమె ఊరుకునేది.

ఇప్పటికీ ఆమె రోజూ పొద్దున మంచం దిగి, నడుం పట్టుకుని లెక్కపెట్టుకుంటుంది. ఒకటి అనేలోపు నిలబడుతుంది.

కానీ అత్త నడుముకి ఏ కర్రా మందు కాలేదు. అది నిట్రాటకి లోపల ముల్లులా ఉండేది. ఊరందరి నడుములూ నిలబెట్టిన మనిషికి ఇంట్లో నడుము లొంగలేదు. ఒక ఆదివారం మేస్త్రీగారు పాత స్కూటరు అమ్మేస్తూ, దాని అద్దం ఒకటి ఊడదీసి తీసుకొచ్చాడు. "వెనక ఏముందో చూపించేది, పైన ఏముందో చూపించదా?" అన్నాడు. మొగుడు ఆ గుండ్రటి అద్దాన్ని అత్త చేతికర్ర మీద, పిడికి కాస్త కిందుగా, పైకి చూసేట్టు వాలుగా బిగించాడు. బిగించి, "చూడమ్మా," అన్నాడు.

అత్త అద్దంలోకి చూసింది. ముందు ఆకాశం కనబడింది. దాన్ని చాలాసేపు చూసింది. తరువాత కర్రని కాస్త తిప్పితే కోడలి ముఖం వచ్చింది.

"ఇంత నల్లబడ్డావేంటే?"

"తలెత్తి పనిచేస్తున్నానుగా అత్తా. ఎండ తగులుతోంది."

అత్త కొంగుతో అద్దం తుడిచింది. అద్దం మీద దుమ్మేమీ లేదు; కొంగు కోడలి ముఖం ఉన్నచోటే తిరిగింది. ఇంకాస్త తిప్పి ఎదురు మేడని మొదటి మెట్టునుంచి పట్టుకుంది. ఒకటో అంతస్తు, రెండు, మూడు, నాలుగు. ఐదో దాని మీద ఆగింది. ఊపిరి బిగబట్టి చూసి, వీధంతా వినబడేలా కేకేసింది.

"ఐదో అంతస్తు అమ్మాయ్! దుప్పట్లకి క్లిప్పులు పెట్టుకోవే, గాలొస్తోంది!"

పైన ఒక తల కంగారుగా బయటికొచ్చి కిందికి చూసింది.